రెండు అక్షరాలు

ఆ పొద్దున ఇబాదాన్ ఊరి మీద ఆకాశమే లేదు. ఎడారి గాలి మోసుకొచ్చిన దుమ్ములో సూర్యుడు కడగని కంచంలా వేలాడుతున్నాడు.

ఫోలాకే కూతురి చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రి మెట్లెక్కించింది. గర్భిణుల బెంచీలు అప్పటికే నిండిపోయాయి. కార్డు బుట్టలో వేసి కూర్చోవాలి. బరువు, బీపీ అయ్యాకే డాక్టరు.

"సిస్టరమ్మా, పిల్లకి ఐదో నెల. కాస్త ముందు పిలవండి."

"ఇక్కడ పొట్ట లేనిది మీకొక్కరికే పెద్దమ్మా. కూర్చోండి."

బెంచీలన్నీ నవ్వాయి. నర్సు ఆకుకూరలు తినమనే పాట ఎత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోలాకే చేతులు కదల్లేదు.

"చర్చి మంత్రసాని దగ్గరికి పోదామంటే విన్నావా? అక్కడ ఈ సూదులూ లేవు, ఈ వరసలూ లేవు."

"నెల నుంచీ ఇదే గోల. రక్తం పోయినవారమే తీశారు కదమ్మా, ఇవాళ ఫలితం వింటే అయిపోయె," అంది కూతురు అబేని.

వెనకే నిలబడ్డ అల్లుడు లాదిపో నవ్వాడు. "నా దగ్గర సీసాడు లాగారత్తా. నేనేమైనా ఏడ్చానా?"

"ఏడవలేదు. కళ్లు తిరిగి పడ్డావు," అంది అబేని.

లోపల డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"ఇద్దరి రక్తమూ ఏ.ఎస్. రకమే. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు సికిల్ సెల్ జబ్బు భయం. ఒక్కరిది ఏ.ఏ. అయినా ఆ భయముండేది కాదు. పెళ్లికి ముందు చూపించుకోలేదా?"

"చూపించుకున్నామమ్మా! ఈయనది ఏ.ఎస్., నాది ఏ.ఏ. అందుకే పాస్టరు పెళ్లికి ఒప్పుకున్నాడు." అబేని సంచిలోంచి పాత కాగితం తీసింది.

"సందు చివర ల్యాబులు!" డాక్టరమ్మ తల పట్టుకుంది. "మేం రెండుసార్లు చూశాం తల్లీ."

లాదిపో గోడకి జారగిలబడ్డాడు. అతని చెల్లెలు ఆ జబ్బుతోనే, ఎముకల నొప్పులకి కేకలు పెట్టి పెట్టి, పదకొండో ఏట పోయింది.

"ఆ ల్యాబువాడి చేతులు పడిపోనూ!" అంది అబేని, పొట్ట మీద చెయ్యేసుకుని.

గేటు బయట పూటకూళ్ల పాకలో ముగ్గురూ అమాలా ముద్దలు ముందేసుకుని కూర్చున్నారు. లాదిపో తన చేపముక్క అబేని కంచంలో వేశాడు. ఫోలాకే ముద్దని పులుసులో ముంచుతూనే ఉంది.

రెండేళ్ల కిందట ఆ ల్యాబువాడు సరిగ్గా ఏ.ఎస్. అనే రాస్తే, కూతురికి ముప్ఫై ఆరేళ్లకి కుదిరిన సంబంధం చెడిపోతుందని కాళ్లావేళ్లా పడి ఏ.ఏ. అని మార్పించి తెచ్చింది తనే.