నాలుగో జ్వరం

"అప్పా, దాన్ని ఈడ ముట్టించొద్దు" అన్నాడు బైరప్ప.

అల్లుడు రవీంద్ర తలెత్తలేదు. వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, బుల్లెట్ బండి పక్కన వెల్లకిలా పడుకుని స్పానర్ తిప్పుతున్నాడు. కంపెనీ సైలెన్సర్‌ను ఊడదీసి ఒక మూలకు పారేశాడు. దాని చోట బిగించడానికి బెంగళూరు నుంచి తెప్పించిన కొత్తది, నల్లగా, పొట్టిగా, మూతి తెరుచుకుని ఉంది. గోడకు ఆనించిన ఫోనులో ఎవడో హిందీలో వివరం చెబుతున్నాడు. ఫోనులో వాడు ఒక నట్టు బిగిస్తే ఈ మహానుభావుడు ఒక నట్టు బిగిస్తున్నాడు.

చూసేకొద్దీ బైరప్పకు ఒళ్లు మండింది. సైలెన్సర్ పెట్టేదే బండి నోరు మూయించడానికి. దాన్ని ఊడబెరికి, దుడ్డు పోసి బండికి నోరు కొనిపెట్టే ప్రబుద్ధుణ్ని ఇప్పుడే చూస్తున్నాడు. అదీ తన వాకిట్లో. చిక్కబళ్లాపురంలో బాడుగింటి ఓనరు ఒప్పుకోలేదట. మామ వాకిలైతే అడిగేవాళ్లు లేరు.

అడగకూడదు కూడా. "వినుతను పిలుచుకొని పోయేకి వచ్చినాడు. అల్లుణ్ని ఒక్క మాట అన్నావంటే చూడు" అని భార్య సుజాతమ్మ పొద్దున్నే కట్టడి చేసింది. పంట పనికి సాయం వచ్చిన కూతురు నెలగా ఇక్కడే ఉంది. ఇప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ వాకిలి పక్కనున్న పట్టుపురుగుల షెడ్డులో ఉన్నారు. పిలుచుకుపోవడానికి వచ్చినవాడు పెళ్లాం యాడని ఇంతవరకూ అడగనే లేదు. దిగీదిగగానే స్పానర్లు పరిచాడు.

షెడ్డులో పురుగులు మేత మాని, తలలెత్తుకుని నిద్రపోతున్నాయి. పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కునే ఆ నిద్రను జంగమకోటె రైతులు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితేనే పురుగు గూడు కడుతుంది. జ్వరంలో ఉండగా అదిరినా, పొగ తగిలినా ఇక గూళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. టమాటా తోట రోగమొచ్చి పోయింది. ఆ ఇంటికి మిగిలింది ఈ పంట ఒక్కటే.

"లోపల జ్వరం ఉండాదప్పా" అన్నాడు బైరప్ప. రెండు మాటలతో పోయేదానికి మూడో మాట వాడని మనిషి.

స్పానర్ ఆగింది. "అవునా మామా? ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం పట్టె. నాలుగోది."

"మందేసినారా?"

"పొద్దున్నే వేస్తిమి."

ఫరవాలేదే, ఈ మాత్రం అడిగే తెలివుందే అనుకున్నాడు బైరప్ప.

"ఏమన్నా తింటాండాదా?"

"జ్వరంలో యాడ తింటాది? మెదలకుండా పడి ఉండాది. రేపు మధ్యాన్నానికి లేస్తాది. అందాకా సద్దు కాకూడదు."

"రేపటికి లేస్తాది కదా, ఇంకేం భయం మామా!"

స్పానర్ మళ్లీ తిరిగింది. కొత్త గొట్టం బిగిసింది. దాని మూతిలో బిరడా లాంటిదేదో ఉంటే రవీంద్ర స్క్రూ విప్పి దాన్ని బయటికి లాగేశాడు.

"అదేందప్పా?"

"సౌండు తగ్గించేది మామా. తీసేస్తేనే మజా."

"ఈ దినానికి దాన్ని ఉండనీ."

"దాన్ని పెట్టుకొని తిరిగేకి ఇంత తిప్పలెందుకు? రేపు ఫ్రెండ్సంతా నంది కొండకు పోతాండాము. నా బండి వస్తాందంటే దావలో అందరూ పక్కకు జరగల్ల."

పేడబండి వచ్చినా జరుగుతారు అనబోయి, సుజాతమ్మ గుర్తొచ్చి బైరప్ప మింగేశాడు.

"సరే, మెయిన్ రోడ్డు కాడికి తోసుకొని పోయి ఆడ ముట్టించుకో. నేనూ ఒక చెయ్యేస్తా."

"ఇంత ఎండలో తోసేదా!" రవీంద్ర చేతులు తుడుచుకుని బండెక్కాడు. "ఒక్కసారి చూసి ఆపేస్తా మామా. ఆ మాత్రానికే చస్తాదా?"

"చచ్చేది కూడా ఉండాదప్పా."

"ఏం కాదులెండి" అని నవ్వి స్టార్టర్ నొక్కాడు.

వాకిలి అదిరిపోయింది. కొట్టంలో కట్టేసిన ఎనుము తాడు తెంపుకోబోయింది. కొత్త గొట్టానికి పూసిన నూనె కాలి నీలంగా పొగ లేచి, నేరుగా షెడ్డు కిటికీలోకి పోయింది. రవీంద్ర కళ్లు మూసుకుని, ఏదో సంగీతం వింటున్నవాడిలా తల ఊపుతూ యాక్సిలరేటర్ ఇంకా ఇంకా తిప్పాడు.

షెడ్డు తలుపు దడాలున తెరుచుకుంది. మోచేతులదాకా పురుగుల మీద చల్లే సున్నం పొడితో వినుత పరుగెత్తుకొచ్చింది.

"ఆపండి! ఆపండి!"

రవీంద్ర కళ్లు తెరిచి, ఆమెను చూసి నోరు తెరిచాడు. చేయి మాత్రం తిప్పుతూనే ఉంది.

బైరప్పకు ఇక సుజాతమ్మా లేదు, మర్యాదా లేదు. "పొగంతా పురుగు మీదికి పోతాండాది కదరా! జ్వరంలో పండుకొనుండే పురుగును నిలువునా చంపుతాండావు కదరా! పంటంతా పాయె!"

రవీంద్ర గబుక్కున తాళం తిప్పి బండి ఆపాడు. ముఖం నిజంగానే పాలిపోయింది. దిగి వచ్చి మామ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యో, జ్వరం పురుగుకా మామా! ముందే చెప్పకూడదా? పంట పోతాదని తెలిసింటే ముట్టిస్తానా నేను? వినుతకేమో అనుకొంటిని!"