గ్రంథానికి పట్టిన కంపు

హారతి పళ్ళెం పట్టుకున్న కూర్మయ్య ఉన్నట్టుండి తువ్వాలుతో ముక్కు మూసుకున్నాడు.

“ఏటిది బావా? గొడ్డు సచ్చి కుల్లినట్టుంది!”

బంగారయ్యకూ ఆ దుర్గంధం సోకింది. కర్పూర ధూమం సైతం దానిని కప్పలేకపోయింది. భజన గుడిలో కూర్చున్నవారందరి నోళ్ళలోనూ ఉమ్ము ఊరింది.

గాలి, రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ కొట్టం వైపు నుంచి వీస్తోంది. ఆ కొట్టం వెనుక పాకలో డచ్చి దేశపు ముసలివాడొకడు వారి పురాణ గ్రంథాన్ని కుట్టి అట్ట కడుతున్నాడు.

బంగారయ్య తండ్రి కళింగపట్నం నుంచి ఓడలో వస్తూ శిరస్సున మోసి తెచ్చిన గ్రంథమది. మలయా దేశంలోని ఈ బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో తెలుగువారికి మరొకటి లేదు. చెదలు తిని, కుట్లు తెగి, పుటలు రాలిపోతున్నది. ఎల్లుండి శ్రీరామనవమి. అది చదవనిదే ఆ తోటలో సీతారాముల కళ్యాణం జరగదు.

పన్నెండు దినాల క్రితం ముసలివాడు కుంటుకుంటూ వచ్చి, రెండు పూటలా కూడు పెడితే చాలు, బాగుచేసి ఇస్తానన్నాడు. తన దేశంలో ఇప్పుడు గ్రంథాలు కుట్టేవి యంత్రాలేననీ, చేతితో కుట్టే తమ వంశంలో తానొక్కడే మిగిలాననీ వచ్చీరాని మలాయి భాషలో చెప్పుకున్నాడు.

ఆనాడు అతని సంచి విప్పి చూసి బంగారయ్య అదిరిపడ్డాడు. దూడ తోలు! పుటలు మడతపెట్టే నున్నని ఎముక! చర్మాలు కాచి చేసిన జిగురు పలకలు!

ఆ మూడింటినీ గుడ్డలో మూటకట్టించి, పైన పసుపు దారం చుట్టి, తన చేతులతోనే మూడు ముళ్ళు వేశాడు.

“ఇవి మా సామి పుస్తకాన్ని తాకకూడదు. ఈ ముడి ఇప్పకూడదు. తెలిసినాదా?”

ముసలివాడు తల ఊపాడు.

“ముడి ఇప్పేసినాడు బావా,” అన్నాడు కూర్మయ్య ఇప్పుడు. “తోలు కాస్తన్నాడు. ఆ రోజే సెప్పినాను కదా, ఈ దొరని నమ్మొద్దని!”

ఇద్దరూ పాకకు వెళ్ళారు.

లోపల కంపు పదింతలై ఉంది. ముసలివాడు మూలన కూర్చుని, నడుము కింద గోనెపట్టా కప్పుకుని, ఒడిలో గ్రంథం పెట్టుకుని కుడుతున్నాడు. పొయ్యి మీది కుండలో తెల్లని జిగురేదో బుడగలు కక్కుతోంది.

“అదిగో, కొవ్వు!”

కూర్మయ్య కుండను తన్నాడు. జిగురు మట్టినేల మీద సాగింది.

“ఉబి... ఉబి కాయు,” అన్నాడు ముసలివాడు ఆత్రంగా.

“కర్రపెండలమంట! కర్రపెండలం ఉడికితే ఇలాగ కంపు కొడతాదేటి? మేం తిననిదా అది?”

“మూటేది?” అని గద్దించాడు బంగారయ్య.

ముసలివాడు తన కాళ్ళ వైపు చూపి, గోనెపట్టా మెల్లగా ఎత్తబోయాడు.

దుర్గంధం గుప్పున లేచింది. బంగారయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“కప్పీ! కప్పీరా! సూపించకు!”

అరటాకు అడ్డం పెట్టుకుని, వేళ్ళు తగలకుండా, గ్రంథాన్ని ఆ ఒడిలోనుంచి లాక్కున్నాడు.

“బెలుమ్... బెలుమ్...” ఇంకా కాలేదని ముసలివాడు రెండు వేళ్ళు చూపాడు. రెండు దినాలు.

బంగారయ్య ఉమ్మేశాడు. అది గడపకు అవతల పడలేదు, ముసలివాడి ముందే పడింది.

“పో! తోట దాటి పో!”

ముసలివాడు గోనెను నడుముకు చుట్టుకుని, దాని కిందినుంచే మూటను తీసి చంకన పెట్టుకుని, కాలీడ్చుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

గ్రంథం మీద పసుపునీళ్ళు చిలకరించారు. సాంబ్రాణి పట్టారు.

నవమినాడు బంగారయ్య దానిని వ్యాసపీఠం మీద విప్పాడు. అది చాచిన అరచేయిలా పరుచుకుంది. ఒక్క పుట కదలలేదు. చెదలు తిన్న ప్రతి చోటా పలచని కాగితం అతికి ఉంది. ఆ అతుకు కింద ఒక్క అక్షరమూ మరుగుపడలేదు. అట్ట మీద తోలు లేదు, నీలి గుడ్డ ఉంది. చివరి కొన్ని పుటలు మాత్రం సూదితో సహా వేలాడుతున్నాయి.

కూర్మయ్య వంగి వాసన చూశాడు.

“కంపేది బావా?”

“పసుపునీళ్ళకి పోయింటాది.”

అప్పుడే తోట ఆసుపత్రిలో పుళ్ళు కడిగి కట్లు కట్టే దానియేలు గుడి మెట్ల కింద నిలబడి పిలిచాడు.

“బంగారయ్య మామా! అట్టల దొర దగ్గిర దొరికినాది. పసుపు దారం సూసి మీదేమో అని తెచ్చినాను.”

“ఆడేడి?”

“రాత్రి మా ఆసుపత్రిలో పానం ఇడిసినాడు.”

దానియేలు చేతిలోని మూటను ముందుకు చాపాడు.

“కాలు మోకాటి దాకా కుల్లిపోనాది మామా. ఆ కంపుకి వార్డులో ఎవలూ నిలబడనేకపోనారు. కోసీసి బతికిస్తాం రమ్మని పది దినాలుగా పిలిసినాను. పుస్తకం అయినాక వస్తానన్నాడు. మీకు సెప్పొద్దని బతిమాలినాడు, సెప్తే పుస్తకం లాగీసుకుంటారంట.”

ముక్కు మీదికి వెళ్తున్న కూర్మయ్య తువ్వాలు సగంలో ఆగిపోయింది.

బంగారయ్య మెట్లు దిగి రెండు చేతులతోనూ ఆ మూటను అందుకున్నాడు.

పసుపు దారం చీమూ నెత్తురూ పట్టి నల్లబడింది గాని, తాను వేసిన మూడు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.