తోక దించని వ్యాను

“కుమాసి, కుమాసి. ఇంకో నలుగురొస్తే కదలడమే” అని డ్రైవర్ బెడియాకో గొంతు చించుకుంటున్నాడు. టెచిమాన్ స్టాండులో జనం అతని పాత వ్యాను వెనకవైపుకి వచ్చి, ఓసారి చూసి, పక్క బండెక్కేస్తున్నారు.

“ఏమొచ్చింది వీళ్ళకి? నిన్ననేగా వెనక కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించాను, గాలి కొట్టి పైకి లేపేవి. ఇన్ని పెండలం గడ్డలు మోస్తూ కూడా ఎలా నిలబడిందో చూడు పెద్దమ్మా.”

గడ్డలు వేసుకొచ్చిన ఫోసువా కిటికీలోంచి తల బయటపెట్టింది. “అదేరా నీ కొంప ముంచింది. వెనక కుంగితేనే కదా బండి నిండినట్టు. ఇలా తోకెత్తుకుని నిలబడితే ఖాళీ అనుకోరూ? ఖాళీ బండెక్కి, అది నిండేదాకా ఉడికిపోయే ఓపిక ఎవరికుంది?”

ఇన్నేళ్ళూ కుంగిన ఏ తోకను చూసి సిగ్గుపడ్డాడో, జనాన్ని పిలిచింది అదేనన్నమాట. బెడియాకో వ్యాను కిందికి దూరి కొత్త షాక్ అబ్జార్బర్లలో గాలి వదిలేశాడు. బండి బుస్సుమంటూ ఎప్పట్లాగే చతికిలబడింది.

“జరగండి, జరగండి” అంటూ జనం ఎగబడ్డారు.

బండి నిండి కదిలాక, ఊరి చివర టైర్ల షాపు దగ్గర ఆపి, వాటికి మళ్ళీ గాలి కొట్టించాడు. గడ్డలతో సహా అందరూ జానెడు పైకి లేచారు. లోపల ఒకటే కేకలు, నవ్వులు.

“ఇక పోదామా పెద్దమ్మా?”

“ఆగరా. ఈ పక్కనున్న మా చెల్లెలు భయపడి కళ్ళు మూసుకుంది, ఏమీ చూడలేదు పాపం. ఇంకోసారి దించి లేపు.”

ఖాళీ బండిలో నిమిషం ఆగలేని ఆ జనంలో ఒక్కరూ కాదనలేదు.