వార్నిష్ ఆరేదాకా

"మొత్తం ఎన్నాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు?"

ఆమె ఆ మాట అడగడం అది మూడోసారి. పాలిష్ మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క నేలని వేలి కణుపుతో తట్టి చూస్తున్నాడు. మొదటి రెండుసార్లూ ఓపిగ్గానే చెప్పాడు. సామానంతా తీసెయ్యాలి. మిషను పెట్టి పాత రంగు గీకాలి. సందులకి లప్పం పెట్టాలి. ఆ పైన వార్నిష్ ఒక పూత. అది ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, ఇంకో పూత.

"ఇప్పుడు త్వరగా ఆరే రకం వచ్చిందమ్మా. అది కొడితే నాలుగైదు రోజుల్లో మీ ఇల్లు మీకు అప్పజెప్పేస్తా."

"వద్దు. ఆలస్యంగా ఆరేదే కొట్టండి."

మేస్త్రీ తల గోక్కున్నాడు. తొందరపెట్టి ప్రాణం తీసేవాళ్ళని బోలెడంతమందిని చూశాడు గానీ, ఆలస్యం చెయ్యమని బతిమాలేవాళ్ళని చూడడం ఇదే.

"అదైతే ఆరి, వాసన పోయేసరికి రెండు వారాలైనా పడుతుందమ్మా."

"పట్టనివ్వండి," అందామె. ఆ ముఖంలో అప్పుడు కనిపించింది కాస్త వెలుగు.

అతను హాలంతా చూసుకుంటూ వెళ్ళి గోడవార ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా! ఎవరింట్లోనైనా నేల నడిమధ్యన అరుగుతుంది. మీ ఇంట్లో గోడ పక్కన ఇంతలా అరిగిందేంటి?"

"నేనూ మా పాపా అటు నుంచే నడుస్తాం. మధ్యలో చెక్కలు చప్పుడు చేస్తాయి."

"చప్పుడైతే ఏమవుతుంది?"

కిటికీ దగ్గర బొమ్మలు వేసుకుంటున్న కూతురు తలెత్తి, "వినపడుతుంది," అంది. మళ్ళీ తల దించుకుంది.

ఆ ఇంట్లో ప్రతి చెక్క గొంతూ వాళ్ళిద్దరికీ తెలుసు. మెట్ల కిందిది మూలుగుతుంది. వంటింటి గుమ్మం దగ్గరిది కీచుమంటుంది. పాప గది ముందున్నది టక్కుమని విరిగినట్టు మోగుతుంది. చీకటి పడ్డాక అడుగులు మొదలయ్యేవి. మూలుగు. కాసేపటికి కీచు. తల్లీకూతుళ్ళు ఒకే దుప్పటి కింద ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. అడుగులు నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. ఆగితేనే పైప్రాణాలు పైనే పోయేవి.

ఒక్కోరోజు తెల్లవారగానే వంటింట్లో గాజు పెంకులు ఏరాల్సి వచ్చేది. "ఏంటమ్మా రాత్రి ఆ చప్పుళ్ళు?" అని పక్కింటి పిన్నిగారు ఆరా తీస్తే, "పిల్లి అండీ" అనేది. ఇన్నేళ్ళుగా ఇన్ని సామాన్లు పగలగొట్టిన ఆ పిల్లిని పిన్నిగారు ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

"నాలుగు మేకులు బిగిస్తే ఈ చప్పుళ్ళు పోతాయిలెండి," అన్నాడు మేస్త్రీ.

"వద్దు!" ఆమె ఉలిక్కిపడింది. "అది కూడా లేకపోతే ఎక్కడిదాకా వచ్చాయో తెలియదు."

"ఏవమ్మా?"

"అడుగులు."

మేస్త్రీ సంచీలోంచి టేపు తీయబోయినవాడల్లా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గొంతు బాగా తగ్గించి, "చిన్నపిల్లని పెట్టుకుని ఇక్కడెందుకమ్మా? ఎటైనా వెళ్ళిపోకూడదూ?" అన్నాడు.

"ఒకసారి వెళ్ళాం, మా అన్నయ్య ఇంటికి. మర్నాడు పొద్దుగూకేసరికి ఆ గుమ్మంలోనూ అవే అడుగులు. ఇంకేం చేస్తాం, మళ్ళీ ఇక్కడికే వచ్చాం."

మేస్త్రీ గబగబా సంచీ సర్దుకున్నాడు. వెళ్ళేముందు, "పని పగలే చేస్తానమ్మా. దీపాలు పెట్టేవేళకి వెళ్ళిపోతా," అని ఖరారు చేసుకున్నాడు.

సామానంతా తీసెయ్యాలి కాబట్టి పెట్టెలు సర్దుకోవడానికి చాటు అక్కర్లేకపోయింది. పాప బడి కాగితాలు అడుగున పెట్టింది. వాటి మీద స్వెట్టర్లు మడతపెట్టింది. ఇంత ఎండల్లో స్వెట్టర్లెందుకని అడిగినవాళ్ళు లేరు. పెట్టె మూత రెండుసార్లు జారిపడింది.

"మామయ్య వాళ్ళింటికేనా అమ్మా?" అంది పాప.

"కాదు తల్లీ. ఎవరడిగినా పెద్దమ్మ వాళ్ళింటికనే చెప్పు, కానీ మనం వెళ్ళేది చాలా దూరం. మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియని చోటు."

"అక్కడా చెక్క నేలేనా?"

"కాదు, బండలు."

"అయితే మధ్యలో నడవొచ్చా?"

"నడవొచ్చు. గెంతొచ్చు కూడా."

పాప నవ్వబోయి, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే అద్దె కారు వచ్చి వీధిలో ఆగింది. మేస్త్రీ అప్పుడే తన మిషను దింపుకుంటున్నాడు. ఆమె పాపని వెనక సీట్లో కూర్చోబెట్టి, తనూ ఎక్కి తలుపు వేసుకుంది. ఇంటివంక తిరిగి చూడలేదు. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని ఎదర రోడ్డునే చూస్తూ కూర్చుంది.

లోపల చెక్కలు ఒకదాని వెనక ఒకటి మూలుగుతుండగా బరువుగా అడుగులేసుకుంటూ బయటికొచ్చి, వాళ్ళ పెట్టెలు రెండూ తన చేత్తోనే డిక్కీలో సర్ది, "మీ అక్క ఇంట్లో తిష్ట వెయ్యకుండా వార్నిష్ ఆరగానే వచ్చెయ్, లేదంటే సంగతి తెలుసుగా, నేనే వస్తా," అన్నాడు ఆమె భర్త.