పసుపు పూసిన కాలు

ఆ మందలో దెబ్బ తగిలిన మేకకు కాపరి పసుపు పూస్తాడు. పసుపున్న మేక ఆ రోజు కొండెక్కక్కర్లేదు. చుక్కమ్మ అనే మేకకు పైకి ఏ దెబ్బా లేదు, ఒళ్లంతా లోలోపలే సలుపు.

“ఎక్కడే? చూపించు!” అంది పెద్దమేక గౌరక్క.

“లోపలక్కా.”

“లోపలంటే కొమ్ములతో తవ్వి చూడమంటావా? కొండెక్కలేక వేషాలు! నలుగురిలో అనకు, మందకే తలవంపులు.”

రోజూ ఇదే పాట. చెప్పీ చెప్పీ విసిగిపోయిన చుక్కమ్మ, తిన్నగా వెళ్లి గాయమే లేని కాలిని పసుపు గిన్నెలో ముంచుకొచ్చింది.

“అయ్యో తల్లీ, ఎంత బాధో!” అంటూ మందంతా దారిచ్చింది.

“నోరు నొప్పెట్టేలా చెప్తే వినలేదు గానీ, పసుపు చెప్తే విన్నారు!” అని చుక్కమ్మ పళ్లు నూరింది.

మంద కొండ వైపు కదిలాక, గౌరక్క అటూ ఇటూ చూసి వెనక్కొచ్చింది.

“పసుపింకా మిగిలిందా, అమ్మాయ్? నాకూ లోపలే. మూడేళ్లయింది.”