ఫ్యాను ఆగిన తర్వాత

"స్విచ్ ఆపితే ఫ్యాను ఆగాలి. అది ఆగకపోతే మీరు ఆపాలి. రెండూ కుదరవంటే నేను మా అమ్మ దగ్గరికి పోతాను," అంది భార్య, పెట్టెను మంచం మీద పడేసి.

ఫిజిక్సు లెక్చరరు తలెత్తి ఫ్యాను వంక మురిపెంగా చూశాడు. నిన్న పొద్దున స్విచ్ ఆపినా అది ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది.

"దీన్నే జడత్వం అంటారు. తిరిగేదాన్ని ఏదీ అడ్డుకోకపోతే తిరుగుతూనే ఉంటుంది. ఎవరింట్లోనైనా ఇంత చక్కగా చూశావా?"

"చూశాను. కూర్చున్న మనిషిని ఎవరూ లేపకపోతే కూర్చునే ఉంటాడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను."

ఆమెకు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. కప్పుకున్న దుప్పటి ఎగిరిపోతోంది, మడతపెట్టిన బట్టలు గదంతా పరుచుకుంటున్నాయి. లెక్చరరుకు జాలి లేక కాదు. ఇంత గొప్ప ప్రయోగాన్ని చెయ్యి పెట్టి చెడగొట్టడానికి మనసొప్పడం లేదు, అంతే.

ఆమె పిలిపించిన ఎలక్ట్రీషియను నిచ్చెన దిగాడు.

"తీగ కూడా కోసేశాను సార్. ఇక ఇది నా పని కాదు, మీ సబ్జెక్టు," అని సంచీ సర్దుకుని మెల్లగా జారుకున్నాడు.

భార్య పెట్టె మూత వేసింది. ఆ చప్పుడుకు లెక్చరరు ఫ్యాను మీంచి చూపు తిప్పాడు. ఆమె పుట్టిల్లు వెనక వీధిలోనే, పిలిస్తే పలికేంత దూరం. కానీ ఒకసారి గడప దాటిందంటే బతిమాలి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పైగా ఆమె లేని ఇంట్లో ఎంత గొప్ప ప్రయోగం జరిగినా ఎవరికి చూపించుకోవాలి?

"ఆపుతాలే. కానీ ముందే చెబుతున్నా, తిరుగుడు ఊరికే మాయమైపోదు. ఇక్కడ ఆగితే ఇంకెక్కడికో చేరుతుంది."

"ఎక్కడికైనా చేరనివ్వండి, నా నెత్తిమీద నుంచి పోతే చాలు."

లెక్చరరు స్టూలెక్కాడు. రెక్కలు తగలకుండా కింద నుంచి చేతులు చాపి, కళ్లు గట్టిగా మూసుకుని, ఫ్యాను నడుమనున్న డిప్పను పట్టుకున్నాడు. ఫ్యాను టక్కున ఆగిపోయింది.

ఇల్లు తిరగడం మొదలుపెట్టింది.

కిటికీలోంచి ఎదురింటి గేటు, కిరాణా కొట్టు, వీధి మలుపు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. భార్య మంచం కోడు పట్టుకుంది. లెక్చరరు ఫ్యానును వాటేసుకుని వేలాడుతూ, "నే చెప్పలేదూ," అన్నాడు నీరసంగా.

నేల రాపిడికి ఇల్లు కిర్రుమంటూ నెమ్మదించి, సగం చుట్టు తిరిగి ఆగింది. చూస్తే వీధి తలుపు సరిగ్గా ఆమె పుట్టింటి వాకిట్లోకొచ్చి నిలిచింది. ఇప్పుడిక ఒక్క అంగ వేస్తే చాలు.

"వెళ్లకు," అన్నాడు లెక్చరరు, పైనుంచే.

ఆమె వినిపించుకోకుండా పెట్టె అందుకుని తలుపు తీసింది. గడప అవతల వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆవిడ చేతిలోనూ పెట్టె ఉంది.

"కాస్త జరగవే, నేను మీ ఇంటికే వస్తున్నా. మీ నాన్న ఫ్యాను ఆపనంటున్నారు."