పద్నాలుగు పొరలు

"నాన్న బండేనని తేలితే ముద్ర వేస్తానన్నావు. తెచ్చావా?" అంది మిసావో.

ఆమె తల్లి తొమి చేతిసంచిని కడుపుకు ఇంకాస్త దగ్గరగా అదుముకుంది.

రేవుగట్టు మీద, పరిచిన టార్పాలిన్ పైన, పొద్దున క్రేనుతో నీళ్ళలోంచి ఎత్తిన కారు ఉంది. రేవు అడుగు తవ్వుతుంటే తగిలిందట. కారని చెబితే తప్ప పోల్చుకోలేరు. ఒళ్ళంతా గుల్లలు, పాచి. నంబరు పలక ఊడిపోయింది. ఇంజను మీది అంకెల్ని తుప్పు తినేసింది. ఎత్తి మూడు గంటలైనా ఇంకా ఎక్కడినుంచో నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మిసావో చేతిలో ఒక కాగితం ఉంది. ఒనోదెరా యాసుజి చనిపోయాడని రాసిన కాగితం. దాని మీద సంతకానికి బదులు భార్య తొమి ముద్ర పడాలి. ఉప్పెన వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఊళ్ళో అందరూ తమవాళ్ళ పేర్లు సమాధిరాళ్ళ మీదికి ఎక్కించుకున్నారు. తొమి ఒక్కతే ఎక్కించలేదు. మనిషి, కారు, రెండూ కనబడకుండా పోతే చావని ఎలా రాస్తామంది. కారైనా చూపించమంది.

"ప్రయాణంలో ఉన్నవాళ్ళకు పెట్టినట్టు రోజూ బల్ల మీద అన్నం గిన్నె పెడతావు. అది పటం ముందు పెట్టాల్సిన గిన్నె అమ్మా."

"పటం ముందు పెడితే చల్లారిపోతుంది."

"బల్ల మీద చల్లారదా?"

"చల్లారాక నేను తింటున్నాగా. నీకేం నష్టం?"

అప్పుడే ఒయికావా వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆ తీరంలో కొమదొరి కార్లు అమ్మి, పని మానేసి కూర్చున్న మనిషి. అయినా కోటు తొడుక్కుని, టై కట్టుకుని వచ్చాడు. ముందు కారుకు వంగి నమస్కరించి, తర్వాత ఆడవాళ్ళిద్దరికీ నమస్కరించాడు. ఏ తరం మోడలు కొమదొరినైనా కళ్ళు మూసుకుని తడిమి చెబుతాడని పోలీసులు ఆయన్ని పిలిపించారు.

"కొమదొరేనాండీ?" మిసావో అడిగింది.

"కొమదొరే. నడుము చూస్తే తెలుస్తోంది. ఎన్నో తరమో చూడాలి."

"చూడండి, చూడండి. మా ఆయనకు మీరు కారు అమ్మలేదు ఒయికావా గారూ, జబ్బు అంటించారు. కొత్త తరం వచ్చిందంటే పెళ్ళిచూపులకు బయల్దేరినట్టు తల దువ్వుకుని మీ దగ్గరికి వచ్చేవారు," అంది తొమి.

"మొదటి రోజే వచ్చేవారు అమ్మగారూ. తలుపు తీయకముందే బయట నిలబడి ఉండేవారు."

ఒయికావా చేతితొడుగు తీసేసి కారు వెనక తడిమాడు.

"ఒకటో తరానికి వెనక దీపాలు పళ్ళేల్లా గుండ్రంగా ఉంటాయి. ఇది అది కాదు. రెండోదానికి నలుచదరం."

"రెండోది బెంతో భోజనం డబ్బాలా ఉండేది. నేను ఎక్కనన్నాను. నువ్వు ఎక్కకపోతే నేనే రెండుసార్లు ఎక్కుతానన్నారు."

"మూడోదానికి దీపం నిలువుగా, పైదాకా లేస్తుంది." ఒయికావా చెయ్యి పైకి జరిగి ఆగింది. "ఇది నిలువుగానే ఉంది."

యాసుజి ఆఖరిగా నడిపింది మూడో తరం బండి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. 

"తలుపు కూడా చూసి చెబుతాను," అన్నాడు ఒయికావా. గట్టు మీద కాపలా ఉన్న పోలీసతను ఇనుపకడ్డీ అందించాడు.

తొమి సంచిలోంచి గుల్లలు ఒలిచే కత్తి తీసింది. పద్దెనిమిదో ఏట నుంచీ ఆమె ఆ రేవు షెడ్డులోనే గుల్లలు ఒలుస్తోంది. కారు రెక్క మీద అన్నిటికంటే పెద్దదాన్ని ఊడబెరికి, అంచు మీద బొటనవేలి గోటితో పొరలు లెక్కపెట్టింది. ఏడాదికో పొర. ఒకసారి లెక్కపెట్టి, తిప్పి మళ్ళీ లెక్కపెట్టింది.

"పద్నాలుగు," అంది.

తలుపు కిర్రుమంటూ ఊడివచ్చింది. లోపల పైదాకా బురద. ఎముకలేవీ కనబడలేదు. డ్రైవరు సీటు మీద మాత్రం బురద లేదు. ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఆ చోటు తడితడిగా, శుభ్రంగా ఉంది. మిసావో ముఖం పక్కకు తిప్పుకుంది.

"కాగితం ఇటివ్వు," అంది తొమి.

"అమ్మా, నిదానంగా ఇంటికి వెళ్ళి..."

"ఇక్కడే. ఆయన ముందే వేస్తాను."

ఆమె గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, కాగితాన్ని సంచి మీద పరిచింది. ముద్రను ఎర్రసిరా దిమ్మెకు అద్ది, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదింది.  మిసావో గాలికి ఎగరకుండా కాగితం అంచు పట్టుకుంది. తల్లి ఏడుస్తుందేమోనని చూసింది. తొమి ఏడవలేదు. చాలాకాలం తర్వాత ఆమె భుజాలు కిందికి దిగాయి.

ఒయికావా ఆ సంగతి చూడలేదు. తలుపులోంచి చెయ్యి పెట్టి, గేరుకర్ర కోసం బురదలో వెతుకుతున్నాడు. చెయ్యి అటూ ఇటూ తిరిగింది. కర్ర ఉండాల్సిన చోట కర్ర లేదు, వరసగా బొత్తాలు ఉన్నాయి. ఆయన వేలితో ఆ చోట ఒత్తి ఒత్తి చూసి, బురద తుడిచాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి దీపం అంచు గీకి చూశాడు. వచ్చి మళ్ళీ లోపల చెయ్యి పెట్టాడు. కోటు చెయ్యంతా బురదయిపోయినా పట్టించుకోలేదు.

"ఏమైందండీ?" అన్నాడు పోలీసతను.

ఒయికావా తొమి వైపు తిరిగాడు. ముద్ర కాగితానికి వేలెడు ఎత్తులో ఉంది.

"అమ్మగారూ, వేయకండి," అన్నాడు. "ఇది మూడో తరం కాదు, ఐదోది. దీపం రెంటికీ నిలువే, గేరుకర్ర బదులు బొత్తాలు మాత్రం ఐదోదానికే. ఐదో తరం బండి లోకంలోకి వచ్చిందే మొన్న శనివారం."